లెక్కలోకి రాని ముగ్గురు

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గాకు దగ్గరగా ఉన్న ఒక ప్రైవేటు మానసిక ఆశ్రమంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానుగా ఆ కేసు చేపట్టింది. గొలుసులతో బంధించిన 25 మంది మరణం గురించి అన్నట్టుగా ఆ కేసుకు పేరు పెట్టారు. ఆ తర్వాత మృతుల సంఖ్య పెరిగినా, కేసు పేరులో అంకె 25 దగ్గరే ఆగిపోయింది. చనిపోయినవాళ్లను అంకెగా గుర్తుంచుకుంటే ఆ అంకె కూడా సరిగా మిగలదన్నమాట.

ఏర్వాడి ప్రస్తావన వస్తే చదువుకున్న మనం వెంటనే అనే మాట 'మూఢనమ్మకం'. నల్గొండలో పుట్టి పెరిగిన నేను అంత తేలిగ్గా ఆ మాట అనలేను. మా వైపు జాన్‌పహాడ్ దర్గాకు అన్ని మతాలవాళ్లూ వెళతారు. మొక్కు ఫలించి పుట్టిన బిడ్డకు సైదులు అనో సైదమ్మ అనో పేరు పెట్టుకుంటారు. ఈ నేలమీద దర్గా మనిషికి పేరునిచ్చే చోటు. ఏర్వాడి దర్గా దీపంలోని నూనె, అక్కడి నీళ్లు జబ్బు నయం చేస్తాయని నమ్మి వచ్చినవాళ్లదీ అలాంటి ఆశే. ఆ ఆశ చుట్టూ ప్రైవేటు ఆశ్రమాలు వెలిశాయి. నమ్మకం వేరు, దాన్ని ఆసరా చేసుకుని మనిషిని గుంజకు కట్టేసే ఏర్పాటు వేరు.

మరి ఆ కుటుంబాలు ఇంకెక్కడికి వెళ్లాలి? ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్, నల్గొండ పల్లెలవాళ్లకు ప్రభుత్వ మానసిక వైద్యశాల అంటే హైదరాబాదులోని ఎర్రగడ్డే. ఆ ఊరి పేరే ఒక తిట్టుగా మారింది. ఎదురు మాట్లాడిన కోడల్ని ఎర్రగడ్డకు పంపాలనడం మనందరం విన్నదే. అమ్మవారు పూనిన శివసత్తి మాటకు దణ్ణం పెట్టేవాళ్లే, ఇంట్లో ఆడది గొంతెత్తితే పిచ్చి అంటారు. భర్తకు జబ్బు చేస్తే భార్య దర్గాలో అతని పక్కనే పడుకుంటుంది. భార్యకు చేస్తే పుట్టింటికి కబురు వెళుతుంది. 1955 హిందూ వివాహ చట్టం కూడా నయంకాని మానసిక వ్యాధిని విడాకులకు కారణంగా ఒప్పుకుంది.

అక్కడ వదిలి వచ్చినవాళ్లకు ఏడ్చే హక్కు ఉందా? ఉందనే అనుకుంటాను. దారి లేక వదిలిన తల్లి దుఃఖాన్ని తూకం వేసే అర్హత మనకు లేదు. అయితే దుఃఖపడటం, గుర్తుంచుకోవడం ఒకటి కావు. దుఃఖం మంటతో మొదలవుతుంది. జ్ఞాపకం అంతకు ముందు రోజుల్లోకి వెళ్లాలి. మంట ప్రమాదం కావచ్చు, గొలుసు మాత్రం కాదు. మామూలు రోజుల్లో, తెలిసిన మనుషుల ఎదుటే అది కాలికి పడింది. ఆ రోజు నిప్పు అంటుకోకపోతే వాళ్లింకా ఆ గొలుసుల్లోనే ఉండేవాళ్లు, మనకు ఏర్వాడి పేరు కూడా తెలిసేది కాదు. మన సానుభూతికి వాళ్లు చచ్చిపోవలసి వచ్చింది. నన్ను బాధించేది ఇదే.

మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. ఆ మాట చట్టంలోకి ఎక్కడానికి పదహారేళ్లు పట్టింది. చట్టం గొలుసును నిషేధించగలదు కానీ, మనిషిని తిరిగి పేరుపెట్టి పిలవమని మనకు ఆజ్ఞాపించలేదు. అది మనం చేయాల్సిన పని. మన వాడలో అందరూ 'పిచ్చామె' అని మాత్రమే అనే మనిషి ఒకామె ఉండే ఉంటుంది. ఆమె అసలు పేరు అడిగి తెలుసుకుని ఆ పేరుతో పిలుద్దాం, ఆమె బతికుండగానే.