దూడ త్రాగగా మిగిలినవి

కాళిదాస మహాకవి రఘువంశం రెండవ సర్గలో వర్ణించిన దిలీపుని గోసేవ మనకు క్రొత్త కథ కాదు. సంతానం లేని ఆ మహారాజు వసిష్ఠుల హోమధేనువైన నందినిని ఇరవైయొక్క దినాలు నిష్ఠతో సేవించాడు. మరునాడు సింహం ఆ గోవును పట్టినపుడు దానికి బదులుగా తన శరీరాన్నే ఆహారంగా ఇవ్వజూపాడు. నందిని సంతసించి, పుత్రుడు కలుగునని వరమిచ్చి, ఆకుదొప్పలో తన పాలు పితుకుకొని త్రాగమన్నది. పురాణ కాలక్షేపాలలో కథ సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది. కాని నిదానించి చూడదగినది దీని తరువాతి ఘట్టమే. ఆ గోమాతయే స్వయంగా త్రాగమన్నా రాజు వెంటనే దొప్ప పట్టలేదు. ముందు దూడ త్రాగాలన్నాడు. హోమానికి కావలసినది తీయాలన్నాడు. గురువుగారి అనుజ్ఞ లభించాలన్నాడు. ఆపైన మిగిలితే, తాను కాపాడే భూమినుండి ఆరవ భాగం పన్నుగా గ్రహించినట్లు గ్రహిస్తానన్నాడు.

ఈ వరుసలో హోమం రెండవది, దూడ మొదటిది. అగ్నిలో వేల్చే పాలుకూడా లేగ మూతి తడిసిన పిమ్మటనే. దీన్ని వినయం కోసం పలికిన మాటగా తీసుకొంటే దిలీపుని తక్కువ చేసినట్లే. అతడు రాజు, పన్నుల లెక్క ఎరిగినవాడు, ఎవరి సొత్తు ఎంతో తేల్చి చెప్పాడు. మన తెలుగులో ‘పాలు’ అంటే క్షీరము, ‘పాలు’ అంటే భాగము కూడాను. ఒకే మాటకు రెండర్థాలు రావడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, పొదుగు క్రింద కూర్చున్నవాడికి ఆ రెండూ ఒకేసారి గుర్తుకు రావలసినవే.

పాలు ఎవరివి? ఈ ప్రశ్నకు మన తూర్పు కనుమలలోని గిరిజనులు మరొక సమాధానం చెప్పుకొన్నారు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయ చుట్టుప్రక్కల కొండలలోను, అటు ఒరిస్సా వైపున్న కొండలలోను సవరలు, గదబలు, కోందులు, బోండోలు మొదలైన తెగలు తరతరాలుగా పశువులను పెంచుతున్నారు. అయినా ఈ ప్రాంతపు అనేక తెగలలో ఆవును పితికే ఆచారం పూర్వం లేదు. పాలు దూడవి, దాని నోటిది మనం తీసుకొనరాదు. వారి తీర్పు ఇంతే. దక్షిణాసియాలో పాలు పితకని జనసమూహాలను గూర్చి ఫ్రెడరిక్ సైమూన్స్ అనే భౌగోళిక శాస్త్రవేత్త 1970లో విపులంగా వ్రాశాడు. పాలలోని చక్కెర పెద్దవారికి అరగకపోవడం ఈ ఆచారానికి కారణమని కొందరు పండితులు ఊహిస్తారు. కావచ్చు. కడుపు చెప్పిన కారణమూ మనసు చెప్పిన కారణమూ ఒకే ఆచారంలో కలిసి ఉండరాదన్న నియమం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గిరిజనులు అహింసావ్రతులని చెప్పి, వారిని మన ఉపన్యాసాలకు అలంకారంగా వాడుకొనడం న్యాయం కాదు. సవరల గువార్ క్రతువులోను, గదబల గోతర్ ఉత్సవంలోను పితరుల కోసం దున్నలను బలి ఇవ్వడం ప్రసిద్ధమే. పశువును చంపడానికి వెనుకాడని ఆచారమే దూడ పాలు ముట్టడానికి వెనుకాడింది. మనం గోవును పూజిస్తాం, దూడను గుంజకు కడతాం. ఎవరిది ఎక్కువ ధర్మమో తేల్చడానికి ఈ వ్యాసం వ్రాయలేదు. వారు వేసుకొన్న ప్రశ్నను మనం వేసుకొన్నామా అనేదే నాకు ముఖ్యం.

ఆ కొండలలోనే పశుపోషణ వృత్తిగా గల గౌడు తెగవారూ ఉన్నారు. అదీగాక కాలం మారింది. టీనీళ్లలో పాలు కలిశాయి. సంకరజాతి ఆవులు కొండ ఎక్కాయి. మూడు నాలుగు పశువులను పెట్టుకొని పాలు, నెయ్యి, పనీరు, చీజు అమ్ముకొని బ్రతకదలచిన చిన్న కుటుంబానికి ఈ ప్రశ్న ఏడాదికొకసారి పండుగనాడు వచ్చేది కాదు. రోజూ తెల్లవారుజామునే వస్తుంది.

ఆ సమయంలో పాకలో ఏమి జరుగుతున్నది? దూడ తలుగు విప్పుతారు. అది తల్లి పొదుగును మూతితో కుమ్ముతుంది. నాలుగు గుక్కలు త్రాగేలోపల ఆవు చేపుతుంది. వెంటనే దూడను లాగి ప్రక్కన కట్టి, చెంబు పట్టుకొని కూర్చుంటారు. చేపు నిలిచేది కొద్ది నిమిషాలే. మన దేశవాళీ ఆవులు చాలావరకు దూడ స్పర్శ లేనిదే చేపవు. అంటే మన చెంబులో పడే ప్రతి ధారా దూడ పేరు చెప్పి పొందినదే. గీతాధ్యాన శ్లోకంలో ఉపనిషత్తులు గోవులు కాగా శ్రీకృష్ణుడు పితికే వాడైనాడు. అక్కడ కూడా దూడ లేకుండా పని జరుగలేదు. అర్జునుడు దూడ అయినాడు. అతని దప్పికకు చేపిన పాలలో మిగిలినవే నేడు మనం పారాయణ చేస్తున్నాం.

ఈ చేపునకు దేహంలో కారణమైన రసం ఆక్సిటోసిన్. దాని నిర్మాణాన్ని కనుగొని 1953లో ప్రయోగశాలలో తయారుచేసిన విన్సెంట్ డు విగ్నో అనే అమెరికా శాస్త్రవేత్తకు 1955లో నోబెల్ బహుమతి లభించింది. ప్రసవ సమయంలో ఎందరో తల్లుల ప్రాణాలను కాపాడుతున్న మందు అది. ఆ మందునే సూదితో ఆవుకు పొడిచి, దూడతో నిమిత్తం లేకుండా చేపించవచ్చునని కొందరు కనిపెట్టారు. దానికి పూర్వం చనిపోయిన దూడ తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టేవారు. అదీ చేపు కోసమే. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదిమందులు మొదలైనవాటిని 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలోని 12వ సెక్షను నిషేధిస్తున్నది. చట్టం చేయడానికి ఎన్నో శతాబ్దాల ముందే మనుస్మృతి ఐదవ అధ్యాయం దూడలేని ఆవు పాలు త్రాగరాదన్నది. ఈనిన పది దినాలలోపలి పాలు కూడదన్నది. జున్నుపాలనైతే పేరుపెట్టి నిషేధించింది. జున్ను ప్రియులకు ఈ మాట రుచించదని తెలుసు.

అయితే ఆ నిషేధానికి గల అర్థం నేటి పశువైద్యశాస్త్రం వలన మరింత స్పష్టపడింది. ఆవు గర్భంలో ఉన్నపుడు దూడకు తల్లినుండి రోగనిరోధక శక్తి సంక్రమించదు. అది ముఱ్ఱుపాల ద్వారానే రావాలి. ఆ రక్షక పదార్థాలను పేగులు పీల్చుకొనేది పుట్టిన సుమారు ఒక దినంలోపలే. గడిచినకొద్దీ ఆ ద్వారం మూసుకొంటుంది. ఆ మొదటి దినపు పాలను ఇరుగుపొరుగులకు పంచి, మనం బెల్లమూ మిరియాలూ వేసి ఆవిరిమీద ఉడికించి తింటే, దూడ తన కవచాన్ని కోల్పోతుంది. దూడ కడుపునిండా త్రాగిన తరువాత ఇంకా మిగిలిన పాలతో జున్ను చేసుకొనేవారిని నేను తప్పుపట్టను. దిలీపుడూ పట్టడు.

పాశ్చాత్యుల చీజును మన పాఠ్యపుస్తకాలు ‘జున్ను’ అని అనువదించాయిగాని, అది వేరు. దాని కథ ఈ ప్రశ్నకు ఇంకా దగ్గరది. చీజు కోసం పాలను గడ్డకట్టించే రెనెట్ అనే పదార్థాన్ని పూర్వం పాలు మరవని దూడను చంపి, దాని కడుపులోని నాలుగవ అరనుండి తీసేవారు. తల్లిపాలు త్వరగా జారిపోకుండా, నిలిచి అరగడానికి ఈశ్వరుడు దూడ కడుపులో పెట్టిన ఏర్పాటు అది. అంటే మొదటి చీజు తయారయ్యేది ఏ పాకలోనో కాదు, లేగదూడ పొట్టలో. దాని తిండిని తీసుకొనడమే కాక, తిండిని అరిగించుకొనే సాధనాన్నికూడా మనిషి తీసుకొన్నాడు! అదృష్టవశాత్తు ఇతర మార్గాలున్నాయి. మన పెన్నేరుగడ్డకు, అంటే అశ్వగంధకు, దగ్గర చుట్టమైన ఒక మొక్క కాయలతో వాయవ్య ప్రాంతాలవారు పాలు గడ్డకట్టిస్తారు. బూజుజాతి సూక్ష్మజీవులనుండి తీసినదీ ఉన్నది. దూడతో పనిలేకుండా సూక్ష్మజీవుల చేత చేయించిన అదే రసానికి 1990లో అమెరికా ప్రభుత్వం అనుమతినిచ్చింది. పనీరుకైతే నిమ్మరసం చాలు. కనుక చీజు చేయడంలో ఈ పాపం నేడు తప్పించుకొనదగినదే.

తప్పించుకొనడం కష్టమైనది మరొకటి ఉన్నది. దానికి లెక్క వేయాలి.

పుట్టిన దూడకు రోజుకు దాని బరువులో సుమారు పదవ వంతు పాలు కావాలి. కొండజాతి చిన్న ఆవు లీటరో రెండు లీటర్లో ఇస్తుంది. పదిహేను కిలోల దూడకు లీటరున్నర పోతే మిగిలేది చెంబు అడుగున కనిపించదు. పాలు దూడవేనన్న గిరిజనుల తీర్పు ఆ ఆవు విషయంలో అక్షరాలా నిజం. ఎనిమిది లీటర్లిచ్చే సంకరజాతి ఆవుకు ఇరవైయైదు కిలోల దూడ ఉన్నదనుకొందాం. దానికి రెండున్నర లీటర్లు. మిగిలిన ఐదున్నర లీటర్లతో, పది లీటర్లకు ఒక కిలో చొప్పున, అరకిలోకు కొంచెం పైగా చీజు అవుతుంది. దిలీపుడు చెప్పిన శేషం ఇది. కాని లీటరు నలభై రూపాయలని వేసుకొన్నా దూడ రోజుకు వంద రూపాయలు త్రాగుతున్నది. తొంభై దినాలకు తొమ్మిది వేలు. పిల్లవాని చదువుకు డబ్బు లేని ఇల్లాలు ఆ తొమ్మిది వేలను ప్రతి ఉదయం తలుగు చివర చూస్తూ ఉంటుంది. పెయ్యదూడ అయితే రేపు ఆవు అవుతుందని ఓర్చుకొంటుంది. కోడెదూడ అయితే?

నాగలి ఉన్నంతకాలం కోడెకు విలువ ఉన్నది. ఏటవాలు చెలకలలో నేటికీ ఎద్దులతో దున్నే గిరిజన రైతుకు పాలు ముఖ్యం కాదు, ఎద్దు ముఖ్యం. అందుకే అతని దూడ కడుపునిండా త్రాగింది. మైదానంలో ట్రాక్టరు వచ్చి, పాలకు ధర వచ్చిన తరువాత కోడెదూడ ఎవరికీ అక్కరలేనిదైంది. 1977 నాటి మన రాష్ట్ర చట్టం ఆవులను, దూడలను వధించరాదన్నది. మంచిదే. కాని తలుగు పొట్టిగా కట్టి, పాలు తగ్గించి, చలిలో వదిలితే ఏ చట్టమూ పట్టుకొనలేదు. కత్తి పట్టని వధ అది. ఆడదూడలే ఎక్కువగా పుట్టేట్లు వేరుచేసిన వీర్యం ఇప్పుడు లభిస్తున్నది. దాన్ని నేను స్వాగతిస్తాను. ఆకలితో చావడానికి పుట్టడంకన్న పుట్టకపోవడమే మేలు గదా.

సింహాచలంలో అప్పన్నకు, వేములవాడలో రాజన్నకు కోడెమొక్కు ఉన్నది. ఉత్తమమైన సంప్రదాయం. ఇంట పుట్టిన కోడెను చక్కగా సాకి, కొమ్ములకు పసుపు రాసి స్వామికి సమర్పించడం ఒకటి. తల్లిపాలు మరవని దూడను, ఇంట ఉంటే పాలు దండుగని, మొక్కు పేరుతో తెచ్చి విడిచిపోవడం మరొకటి. రెండవదాన్ని స్వామి ఏ ఖాతాలో వ్రాసుకొంటాడో ఊహించడం కష్టం కాదు.

మరి ఆ తొమ్మిది వేలు ఎవరు భరించాలి? కొండమీది పేద ఇల్లాలేనా? పాలూ నెయ్యీ అభిషేకానికి కొనేవాడు, విశాఖనుండి రైలెక్కి అరకు చూడవచ్చి అక్కడి పనీరు రుచి చూసేవాడు, ఇద్దరూ ఆ దూడ ఋణంలో భాగస్వాములే. ఆమె మొదటి మూడు నెలలూ దూడ భాగాన్ని దూడకే విడిచి, ఆ నష్టాన్ని నేతి ధరలో చేర్చి, కిలోకు వంద ఎక్కువ చెప్పిందనుకొందాం. నేతిడబ్బా వాసన చూసి, బాగున్నదని మెచ్చుకొని, “ప్రక్క కొట్లో తక్కువకే ఇస్తున్నారమ్మా” అంటాం.