విప్పని పెట్టె విలువ

మనలో చాలామందికి ఏదో ఒకటి పోగుచేసే అలవాటు ఉంటుంది. ఒకరు తపాలా బిళ్ళలు, ఒకరు పాత నాణేలు, ఇంకొకరు అగ్గిపెట్టెల మీది బొమ్మలు. ఇంట్లోవాళ్ళు చెత్త అంటారు, పోగుచేసేవారు సంపద అంటారు. ఆ తగవులో నేను తలదూర్చను. కాని వీరిలో యుద్ధకాలపు సిగరెట్ పెట్టెలు సేకరించేవారు కొందరున్నారు. పొగ ఎప్పుడో గాలిలో కలిసింది. తాగినవాడు మట్టిలో కలిశాడు. పెట్టె మాత్రం మిగిలింది, దానికి వేలంపాటలు జరుగుతున్నాయి. ఇంతకూ ఆ డబ్బు దేనికి ఇస్తున్నట్టు?

ఇదేదో దొరల దేశపు వ్యవహారమని తోసిపుచ్చకండి. మన సికింద్రాబాదు 1806 నుంచి కంటోన్మెంటు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం రాగానే ఈ ఊరి పేరే పెట్టుకున్న సికింద్రాబాదు అశ్వికదళ బ్రిగేడు ఫ్రాన్సుకు ఓడ ఎక్కింది. తెల్లవారి ఏడవ డ్రాగూన్ గార్డ్స్, మనవారి ఇరవయ్యవ దక్కన్ హార్స్, ముప్పైనాలుగవ పూనా హార్స్ అందులోని దళాలు. గుర్రాల మీద పోరాడటం నేర్చినవారు ఆ డిసెంబరు చలిలో గుర్రాలు దిగి, కందకాల బురదలో నిలబడవలసి వచ్చింది.

ఆ క్రిస్మసుకే ఐదవ జార్జి రాజు కుమార్తె, పదిహేడేళ్ళ మేరీ రాకుమారి పేరిట చందాలు పోగుచేసి, సైనికులకు ఇత్తడి పెట్టెలు కానుకగా పంపారు. అయిదంగుళాల పొడవు, మూత మీద రాకుమారి ముఖం. ఇంగ్లీషు సైనికుని పెట్టెలో పసుపు పొట్లంలో పైపు పొగాకు, ఇరవై సిగరెట్లు. పొగ తాగనివానికి కాగితాలు, పెన్సిలు. గూర్ఖాలకు ఇంగ్లీషువారితో సమానంగా. సిక్కులకు పొగాకు నిషిద్ధం గనుక పటికబెల్లం, మసాలా దినుసుల డబ్బా. తక్కిన భారతీయ సైనికులకు సిగరెట్లు, పటికబెల్లం, మసాలా డబ్బా. నీళ్ళు మోసే భిస్తీల వంటి అనుచరులకు ఇత్తడి పెట్టె లేదు, మసాలా డబ్బా, ఒక కార్డు మాత్రమే. ఎవరి మతాన్నీ నొప్పించకుండా పంచారు, ఎవరి హోదానూ మరువకుండా కూడా పంచారు! పోనుపోను ఇత్తడి కరువైంది. తూటాల తొడుగులకు కావలసిందీ అదే ఇత్తడి గదా.

ఇక అసలు సంగతి. సేకరించేవారి బజారులో ఒక నియమం ఉంది. ఖాళీ పెట్టెకు ఒక ధర. లోపలి సిగరెట్లు ముట్టుకోకుండా, పొట్లం విప్పకుండా ఉన్న పెట్టెకు దానికి ఎన్నో రెట్లు. గీత పడకూడదు, సొట్ట ఉండకూడదు, చెయ్యి తగిలిన గుర్తు ఉండకూడదు. కొంచెం ఆలోచించండి. చలిలో వణికే మనిషికి కాస్త ఊరట ఇవ్వడానికి చేసిన వస్తువది. ఆ పని చేసిన పెట్టె చవక, ఆ పని చేయకుండా మిగిలిన పెట్టె ఖరీదు!

మా విచారణలో ఒక ఇంట అలాంటి పెట్టె ఉంది. ఆ ఇంటి ముత్తాత మన బ్రిగేడుతో ఫ్రాన్సు వెళ్ళివచ్చాడు. గుర్రాల బాగోగులు చూసేవాడట. ఇప్పుడు దానిలో ఇంటి ఇల్లాలు సూదులు, దారపు ఉండలు, గుండీలు దాచుకుంటుంది. పాత వస్తువులు కొనే ఒకతను చూసి మంచి ధరే చెప్పాడు. "లోపలి సిగరెట్లు అలాగే ఉంటే పదింతలు ఇచ్చేవాణ్ణి" అనీ అన్నాడట. ఆ ఇంటి కుర్రవాడు నా దగ్గరకు వచ్చాడు. చెల్లెలి కాలేజీ ఫీజు కట్టాలి. "ఫాదర్, ముత్తాత గుర్తును అమ్ముకోవడం పాపమా?" అని అడిగాడు.

అరిస్టాటిలు చెప్పులను ఉదాహరణగా తీసుకుని, ప్రతి వస్తువుకూ రెండు వాడుకలు ఉన్నాయన్నాడు. తొడుక్కోవడం ఒకటి, ఇచ్చి మరొకటి పుచ్చుకోవడం రెండవది. సేకరించేవారు మూడవ వాడుక కనిపెట్టారు. తొడుక్కోరు, మార్చుకోరు, చూసుకుంటారు. అది చిన్నచూపు చూడవలసిన వాడుక కాదు. తండ్రి మీద ప్రేమ ఎంత ఉంటే ఆయన ఉంగరం, ఆయన బట్ట బిడ్డలకు అంత ప్రియమవుతాయని పునీత అగస్తీను 'దేవుని నగరం' మొదటి భాగంలో రాశాడు. పునీతుల అవశేషాల గురించి చెబుతూ పునీత తోమాసు అక్వినాసు ఆ మాటనే ఆసరా చేసుకున్నాడు. ఉంగరం తండ్రి దగ్గరికి దారి తీస్తుంది. దారి తెగిపోతే అది ఉత్త బంగారం, తూకం వేసుకోవచ్చు.

అయితే విప్పని పెట్టె అంటే మనిషి తాకనిదేనని తొందరపడి తీర్మానించడం కూడా న్యాయం కాదు. చాలామంది సైనికులు ఆ పెట్టెను విప్పకుండానే ఇంటికి పంపారు, భార్య చూసుకుంటుందని, బిడ్డలు దాచుకుంటారని. అది ఊరటను మరొకరికి పంచడమే. కనుక తప్పు సీలు వేసిన పెట్టెలో లేదు. అది ఎవరి జేబులోది, ఎవరికి పంపింది అని అడగకుండా, సొట్ట ఉందా లేదా అని మాత్రమే చూసే కంటిలో ఉంది.

మరొక మాట కూడా చెప్పకపోతే నేను పొగాకుకు పాట పాడినట్టవుతుంది. ఆ యుద్ధంలో జెఫ్రీ స్టడర్ట్ కెనడీ అనే ఆంగ్లికన్ గురువు సైనికులకు ప్రార్థనతోబాటు ఉడ్‌బైన్ సిగరెట్లు పంచేవాడు. 'ఉడ్‌బైన్ విల్లీ' అని ముద్దుపేరు వచ్చింది. ఆయనకే ఉబ్బసం! చనిపోతున్నవాని పెదవుల మధ్య సిగరెట్ పెట్టిన ఆ చేతిని నేను తప్పుపట్టలేను. కాని బతికి ఇల్లు చేరినవారు ఆ అలవాటును వెంట తెచ్చుకున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సరుకూ సిగరెట్‌కూ ఉన్న సంబంధాన్ని డాల్, హిల్ అనే ఇద్దరు పరిశోధకులు 1950లో లెక్కలతో చూపేసరికి రెండు ప్రపంచయుద్ధాలు గడిచిపోయాయి.

పెట్టెలు అబద్ధాలు కూడా ఆడతాయి. 1942లో అమెరికాలో లక్కీ స్ట్రైక్ కంపెనీ తన ఆకుపచ్చ పెట్టెను తెల్లగా మార్చి, ఆ రంగులోని లోహం యుద్ధానికి కావాలని చాటింది. ఆడవారిని ఆకట్టుకోవడానికి రంగు మార్చాలన్న ఆలోచన దానికి అంతకుముందే ఉంది. దేశభక్తి పేరిట అమ్మకం పెంచుకుందన్నమాట. సేకరించే పెద్దమనిషి ఇదీ చెప్పగలిగితే అతని అలమార నిజంగా చరిత్ర చెబుతుంది. మన హైదరాబాదులో వజీర్ సుల్తాన్ కంపెనీ చేసిన చార్మినార్ పెట్టెను మన తాతలు ఎంత మురిపెంగా జేబులో పెట్టుకున్నారో తెలిసిందే. బెంగాలీ కథల్లో డిటెక్టివ్ ఫెలూదా కూడా ఆ సిగరెట్టే తాగాడు. ఇప్పుడు మన దేశంలో పెట్టె మీద ఎనభై అయిదు శాతం హెచ్చరికే ఉండాలి. 2016లో అమలైన నియమమిది.

ఇక ఆ కుర్రవాని ప్రశ్న. అమ్మడం పాపం కాదన్నాను. గుర్రాల కొట్టంలో పనిచేసిన ఆ ముత్తాత కూడా మునిమనవరాలి చదువు కన్నా ఇత్తడి ఎక్కువ అనడు. ఒక్కటి మాత్రం చెయ్యమన్నాను. అమ్మేముందు ఆయన పేరు, ఊరు, ఏ దళంతో వెళ్ళాడు అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టెలో పెట్టు, కాగితం లేకుండా పెట్టె కదలదని చెప్పు అన్నాను. అప్పుడు నాకొక సందేహం వచ్చింది. అనుచరులకు దక్కింది మసాలా డబ్బా గదా? సైనికునికి ఇచ్చిన ఇత్తడి పెట్టె ఈ ఇంటికి ఎలా వచ్చింది? ఎవరో ఇచ్చి ఉండాలి. లేదా పేకాటలో గెలిచాడేమో!

కాగితం రాయడానికి కూర్చుంటే పేరు తప్ప ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. మౌలాలీలో ఒక మేనత్త ఉంది, ఎనభై ఆరేళ్ళు. ఈ ఆదివారం పూజ అయ్యాక తల్లీకొడుకులు పెట్టె పట్టుకుని ఆమె దగ్గరికి వెళుతున్నారు. కొనేవాణ్ణి సోమవారం రమ్మన్నారు.