తిరిగి నిలిచింది అదేనా?

సింగూరు గేట్లు ఎత్తినా, ఘనపూర్ ఆనకట్ట పొంగి పొర్లినా ముందు నీళ్లు చుట్టుముట్టేది ఏడుపాయల వనదుర్గా భవాని గుడినే. మెదక్ జిల్లా పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర పాయలుగా చీలిన చోట, బండరాళ్ల నడుమ, ఒక పాయ ఒడ్డునే అమ్మవారి గర్భాలయం ఉంది. వరద ముదిరితే ఆలయం మూసేసి, ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంలో నిలిపి అక్కడే పూజలు జరుపుతారు. నీళ్లు తీసేదాకా వచ్చినవాళ్లు అక్కడే దండం పెట్టుకుంటారు, అక్కడే మొక్కు చెప్పుకుంటారు. మూలమూర్తి వరదలో ఉంది, ఎదుట ఉన్నది వేరే విగ్రహం. అయినా ఆ రోజు దర్శనం లెక్కకు రాదని భక్తులు అనుకోరు. దీన్ని అలవాటనో, సర్దుబాటనో తేలిగ్గా తీసేయవచ్చు. కానీ దాని వెనక ఒక పాత తాత్త్విక ప్రశ్న ఉంది: ఒకచోట ఉన్నది మరోచోట తిరిగి నిలిచినప్పుడు, అది అదేనని ఏ ఆధారంతో అంటాం? హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రోజూ జరిగే ఒక చిన్న పని ఈ ప్రశ్నను విడమరిచి చూసేందుకు బాగా పనికొస్తుంది.

ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపే అందులోని ఆబ్జెక్టులు, అంటే కొన్ని విలువలనూ వాటి నడవడినీ కలిపి కట్టిన మూటలు, కంప్యూటర్ మెమరీలో బతికుంటాయి. ప్రోగ్రామ్ ఆగితే అవీ పోతాయి. వాటిని దాచాలన్నా, ఇంకో యంత్రానికి పంపాలన్నా అక్షరాల్లోకి దించాలి. అందుకు ఎక్కువగా వాడిన పద్ధతుల్లో ఒకటి ఎక్స్‌ఎంఎల్. 1998 ఫిబ్రవరిలో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. ప్రతి విలువకూ ముందొక ట్యాగు, వెనకొక ట్యాగు పెట్టి, ఏది దేనిలో భాగమో తెలిసేలా రాస్తారు. అవతలి ప్రోగ్రామ్ ఆ రాత చదివి ఆబ్జెక్ట్‌ను మళ్లీ కడుతుంది. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ కోసం డౌన్‌లోడ్ చేసుకునే ఫైలు కూడా ఎక్స్‌ఎంఎలే. ఇలా తిరిగి కట్టిన ఆబ్జెక్ట్ పాతదేనా? జావా భాష దీనికి రెండు పరీక్షలు పెట్టింది. రెండు పేర్లూ మెమరీలో ఒకే చోటును చూపుతున్నాయా అన్నది ఒకటి, రెండింటి లోపలి విలువలు సమానమా అన్నది రెండోది. తిరిగి కట్టినది రెండో పరీక్షలో నెగ్గవచ్చు, మొదటిదాంట్లో ఎప్పుడూ ఓడుతుంది. ఇంజినీరు అక్కడితో వదిలేస్తాడు. తత్త్వానికి అక్కడే పని మొదలవుతుంది. నా వాదన ఇది: తిరిగి కట్టినదాన్ని 'అదే' అనడానికి కావలసినదంతా రాతలో ఎన్నడూ ఉండదు. రాత రూపాన్ని మోస్తుంది. అదేతనం మాత్రం స్వీకరించేవాళ్ల దగ్గర, పాత సంబంధాలను మళ్లీ కలిపి వాటికి పూచీ పడే పనిలో సిద్ధిస్తుంది.

మొదటి సాక్ష్యం ట్యాగుల దగ్గరే దొరుకుతుంది. 'భక్తుడు' అన్న ట్యాగు మధ్య ఒక పేరు, ఒక ఊరు, ఒక ఫోన్ నంబరు ఉన్నాయనుకుందాం. అవతలి ప్రోగ్రామ్‌లో భక్తుడంటే ఏమిటో, ఏం చేయగలడో చెప్పే క్లాస్ ముందే లేకపోతే ఆ రాత ఉత్త అక్షరాల వరసే. ఆబ్జెక్ట్ నడవడి అంతా క్లాస్‌లో ఉంటుంది, మామూలుగా ఫైల్లోకి ఎక్కదు. కట్టే పద్ధతి కూడా ఒక్కటి కాదు. డాట్‌నెట్‌లోని ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్ ముందు ఒక ఖాళీ ఆబ్జెక్ట్‌ను పుట్టించి, బయటికి తెరిచి ఉంచిన విలువలను అందులో నింపుతుంది. ప్రైవేటుగా దాచిన విలువలను అది రాయనే రాయదు. జావాలో వాడే ఎక్స్‌స్ట్రీమ్ లైబ్రరీ సాధారణంగా ఆబ్జెక్ట్‌ను పుట్టించే కన్‌స్ట్రక్టర్‌ను పిలవకుండానే చోటు కేటాయించి లోపలి విలువలతో సహా దించేస్తుంది. జావాతోపాటే వచ్చే ఎక్స్‌ఎంఎల్ ఎన్‌కోడర్ దారి ఇంకొకటి. ఆబ్జెక్ట్ ఎలా ఉందో వర్ణించే బదులు, దాన్ని మళ్లీ సిద్ధం చేయాలంటే ఏ పని ఏ వరుసలో చేయాలో రాసిపెడుతుంది. ఆగమాల్లోని ప్రతిష్ఠా విధానం ఈ మూడో దారికి దగ్గరిది. శిల్పి చెక్కి ఇచ్చిన విగ్రహం కొలతలన్నీ సరిపోయినా నేరుగా పూజకు పనికిరాదు. జలాధివాసం, ధాన్యాధివాసం, నేత్రోన్మీలనం, ప్రాణప్రతిష్ఠ, ఈ క్రమమంతా జరగాలి. ఆ క్రమం తెలిసి జరిపించేవాళ్లు లేనిచోట పుస్తకం ఉండి లాభం లేదు.

రెండో సాక్ష్యం సంబంధాలది, ఇది ఇంకా బలమైనది. ఒక దేవస్థానం రికార్డులో ఒకే భక్తుడు ఉదయం అభిషేకానికీ, సాయంత్రం కుంకుమార్చనకూ పేరు రాయించుకున్నాడనుకుందాం. మెమరీలో భక్తుడి ఆబ్జెక్ట్ ఒక్కటే, రెండు సేవల నుంచీ వేళ్లు దానివైపే చూపుతాయి. దీన్ని అమాయకంగా ట్యాగుల్లోకి దించితే అభిషేకం కింద ఒకసారి, అర్చన కింద ఒకసారి అవే పేరూ ఊరూ ఫోన్ నంబరూ పడతాయి. తిరిగి కట్టినప్పుడు అచ్చు ఒకేలా ఉన్న ఇద్దరు భక్తులు పుడతారు. ఆ క్షణానికి తేడా ఎవరికీ తెలియదు. మర్నాడు ఫోన్ నంబరు మారిస్తే ఒకరికి మారుతుంది, రెండో ఆయనకు పాతదే మిగులుతుంది. ఒక్క విలువా పోలేదు, ఒక్క అక్షరమూ తప్పు పడలేదు, ఒకే మనిషన్న నిజం మాత్రం పోయింది. అందుకే ఎక్స్‌స్ట్రీమ్ రెండోసారి వివరాలు రాయడం మానేసి, 'పైన ఫలానా చోట ఉన్నదే ఇది' అని దారి చూపుతుంది. ఎక్స్‌ఎంఎల్ ఎన్‌కోడర్ ఒక గుర్తు ఇచ్చి, తర్వాత ఆ గుర్తునే చూపుతుంది. తిరుమల ఆనంద నిలయంలో మూలవిరాట్టుకూ భోగ శ్రీనివాసమూర్తికీ మధ్య పట్టుదారంతో సంబంధం నిలిపి ఉంచే ఆచారం ఈ కోణంలో ఆలోచించదగ్గది. అక్కడ పూజలందుకునే మూర్తులు ఐదు. అవి రూపంలో ఒకదానికొకటి నకళ్లు కావు. ఐదింటా ఉన్నది ఒకే స్వామి అని చెప్పడానికి పోలిక చాలదని, బంధం కావాలని ఆ దారం ఒప్పుకుంటోంది.

మూడో సాక్ష్యం, రాతలోకి ఎక్కని వాటిది. తెరిచి ఉన్న ఫైలు, నడుస్తున్న నెట్‌వర్క్ కనెక్షన్ లాంటివి ఆబ్జెక్ట్‌లో భాగమే అయినా వాటిని రాసి పంపడం కుదరదు. జావాలో ప్రోగ్రామర్ వాటికి ట్రాన్సియెంట్ అని ముద్ర వేసి పక్కన పెడతాడు, చేరిన చోట మళ్లీ తెరుచుకోవాల్సిందే. ఏడుపాయల రాజగోపురంలో జరిగేదీ ఇలాంటిదే. నిన్నటి నైవేద్యాన్ని, నిన్నటి హారతిని గర్భగుడిలోంచి మోసుకు రాలేం. విగ్రహాన్ని నిలిపాక పూజ ఇవాళ మళ్లీ చేయాలి. కూడవెల్లి సంగమేశ్వరాలయం కథ ఇంకో వైపు నుంచి ఇదే చెబుతుంది. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట చాళుక్యుల కాలంలో కట్టిన ఆ గుడి శ్రీశైలం జలాశయంలో మునుగుతుందని, రాయి రాయి విప్పి అలంపురానికి తరలించి మళ్లీ పేర్చారు. గోడలు అవే, శిల్పాలు అవే. విలువల లెక్కన చూస్తే ఇంతకంటే నికార్సైన పునర్నిర్మాణం అరుదు. కానీ ఏ సంగమం మీద ఆ దేవుడికి పేరు వచ్చిందో ఆ సంగమం వెంట రాలేదు. అయినా ఆయన నేటికీ సంగమేశ్వరుడే. నది ఇవ్వలేని ఆధారాన్ని అలంపురం వాళ్ల జ్ఞాపకమూ, పూజా ఇచ్చాయి.

ఇక ఆక్షేపణలు. సమాచారమే సర్వస్వం అనేవాళ్లు మొదట లేస్తారు. విలువలూ, సంబంధాలూ, క్రమమూ అన్నీ పూర్తిగా రాయగలిగితే ఇంకేం మిగిలింది, ఇవాళ రాయలేనిది రేపు రాస్తాం కదా అంటారు. మనిషి మనసును కూడా యంత్రంలోకి ఎక్కించవచ్చనే ఆశ ఈ వాదం మీదే నిలబడి ఉంది. ఇందులో కొంత నిజం ఉంది. ఆదాయపు పన్ను రిటర్నులు 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఎక్స్‌ఎంఎల్ వదిలి జేసన్ అనే మరో రాత పద్ధతిలోకి మారాయి. ట్యాగుల తీరు మారినంత మాత్రాన రిటర్ను వేరైపోలేదు. కాబట్టి అదేతనం ఫలానా లిపిలో లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ పూర్తి రాతకు ఉన్న చిక్కు దాని పూర్తితనంలోనే ఉంది. ఒకే ఫైలు నుంచి రెండు యంత్రాల్లో రెండు ఆబ్జెక్టులు కట్టవచ్చు, వంద కట్టవచ్చు. సమాచారం వందింటికీ సమానమే. అప్పుడు వాటిలో అసలుది ఏది? ఒక్కటే ఉండాలని నియమం పెట్టుకున్న క్లాసుల విషయంలో ప్రోగ్రామర్లు ఈ చిక్కును కళ్లారా చూస్తారు. తిరిగి కట్టినప్పుడు రెండోది పుట్టి కూర్చుంటుంది. దాన్ని తోసిపుచ్చి ఉన్నదాన్నే చూపించే నియమాన్ని విడిగా రాసుకోవాలి. ఆ తీర్పు స్వీకరించే ప్రోగ్రామ్ చెప్పాలి, ఫైలు చెప్పలేదు.

రెండో ఆక్షేపణ బౌద్ధులది. కృష్ణా తీరాన నాగార్జునకొండ లోయలో విహారాలు కట్టుకుని బతికిన సంప్రదాయం అది. ఆ లోయ నాగార్జునసాగర్‌లో మునిగేటప్పుడు అక్కడి కట్టడాలు కొన్నింటిని కూడా తరలించి కట్టవలసి వచ్చింది. బౌద్ధ తార్కికులు అసలు ప్రశ్ననే తోసేస్తారు. ప్రతి వస్తువూ క్షణక్షణం నశిస్తుంది, మరుక్షణం పుట్టేది దాని ఫలితమే గానీ అదే కాదు. మొదటి జాము దీపజ్వాలకూ కడజాము జ్వాలకూ ఉన్నది కార్యకారణ ప్రవాహమే అంటారు. ఆ లెక్కన గర్భగుడిలో ఉన్న విగ్రహమైనా నిన్నటిది కాదు, గోపురంలో ఉన్నదానికి ప్రత్యేకంగా లోటేమీ లేదు. దీనికి న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికుల జవాబు ప్రత్యభిజ్ఞ: అప్పుడు అక్కడ చూసిన దేవదత్తుడే ఇప్పుడు ఇక్కడ ఉన్నాడని గుర్తుపడుతున్నాం, స్థిరమైన వస్తువు లేకపోతే గుర్తింపు ఎలా సాధ్యమని. నాకు ఇద్దరి మాటా సగమే సరిపోతుంది. ప్రవాహం ఉంటే చాలంటే, ఒక ఫైలు నుంచి పుట్టిన వంద ఆబ్జెక్టులూ ఒకే కారణానికి ఫలితాలే. వాటిలో దేనికి లెక్క అప్పగించాలో ప్రవాహం తేల్చదు. గుర్తింపు చాలంటే, అచ్చు పోలిన మనిషిని చూసి పొరబడటం ఎవరికీ కొత్త కాదు. గుర్తింపు తనంతట తాను ప్రమాణం కావాలంటే దాని వెనక పరీక్ష ఉండాలి, తప్పని తేలితే దిద్దుకునే ఏర్పాటుండాలి. స్వీకారం, పూచీ అని నేనంటున్నది ఈ రెండూ కలిసినదాన్నే.

అయితే నలుగురూ ఒప్పుకుంటే ఏదైనా 'అదే' అయిపోతుందా? ఈ ఆక్షేపణే అన్నింట్లోకీ పదునైనది. స్వీకరించడం విచక్షణ లేకుండా జరిగితే ఏమవుతుందో సాఫ్ట్‌వేర్ చరిత్రే చూపించింది. ఎక్స్‌ఎంఎల్ ఎన్‌కోడర్ రాత నిజానికి ఒక ఆదేశాల పట్టిక. దాన్ని చదివే డీకోడర్ ఏ ఆదేశం కనిపిస్తే అది చేసేస్తుంది. 2017లో ఒరాకిల్ వెబ్‌లాజిక్ సర్వర్లలో బయటపడ్డ లోపం ఇదే: ఎవరో పంపిన ఎక్స్‌ఎంఎల్‌ను డీకోడర్ నమ్మి చదివితే, పంపినవాడు కోరిన ఆజ్ఞ సర్వర్‌లో నడిచిపోయేది. అదే ఏడాది అపాచీ స్ట్రట్స్‌లో ఎక్స్‌స్ట్రీమ్ వాడిన భాగంలోనూ ఇలాంటి లోపమే బయటపడింది. స్వీకారానికి నియమం ఉండాలన్నది అక్కడ నేర్చిన పాఠం. ఏయే రకం ఆబ్జెక్టులను కట్టనివ్వాలో ముందే జాబితా పెట్టుకోవాలి, రాత ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చూసుకోవాలి. ఆధార్ ఫైలు మీద దాన్ని జారీ చేసే సంస్థ యూఐడీఏఐ డిజిటల్ సంతకం ఉండేది అందుకే. సంప్రదాయమూ ఇష్టారాజ్యం కాదు. యాదగిరిగుట్టలో ఆలయ పునర్నిర్మాణం కోసం 2016లో తాత్కాలిక గుడిగా బాలాలయం ఏర్పాటైంది. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణతో ప్రధానాలయంలో దర్శనాలు తిరిగి మొదలయ్యాయి. ఆ ఆరేళ్లూ బాలాలయంలో సేవలు సాగింది ఆగమం ఒప్పుకుంది కాబట్టి, అర్చకులు బాధ్యత తీసుకున్నారు కాబట్టి, తిరిగి వచ్చే గడువు ఉంది కాబట్టి. పూచీకి ఈ మూడూ అవసరం: అధికారం, విధానం, తిరిగి లెక్క అప్పజెప్పే సంసిద్ధత.

భక్తులు ఇక్కడ నొచ్చుకోవచ్చు. సర్వవ్యాపి అయిన తల్లిని ఒక ఫైలుతో పోల్చడమేమిటి, ఆమె ఒకచోట నుంచి ఇంకోచోటికి పోయేదెక్కడ అని. అద్వైతి కూడా ఇదే అంటాడు, ఉపాధులే మారతాయి, ఆమె మారదని. నేను అమ్మవారి స్వరూపం గురించి ఏమీ చెప్పడం లేదు. సర్వత్రా ఉన్న దైవం 'ఇక్కడ' దొరకడం అనే ఏర్పాటు గురించే ఈ చర్చంతా. అంతటా ఉన్నదని నమ్మేవాళ్లకే ఈ ఏర్పాటు ఎక్కువ అవసరం, ఎందుకంటే అంతటా ఉన్నదానికి మొక్కు ఎక్కడ తీర్చాలో ఎవరో ఒకరు తేల్చాలి. ఆ తేల్చడం మనుషుల పని. దానికి తప్పొప్పులుంటాయి, కాబట్టే దాన్ని తర్కంతో పరిశీలించే వీలుంది.

ఈ వాదన నిలిస్తే దానివల్ల ఒక కర్తవ్యం తేలుతుంది. గుళ్లను త్రీడీ స్కానింగ్ చేస్తున్నారు, తాళపత్రాలను డిజిటల్‌లోకి ఎక్కిస్తున్నారు, జాతర పాటలను రికార్డు చేస్తున్నారు. ఇవన్నీ కావాలి. రాత లేకపోతే తిరిగి కట్టడానికి ఏమీ మిగలదు. కానీ రికార్డు చేశాం కదా, ఇక భద్రం అనుకోవడం ఫైలు ఉంది కదా, క్లాస్ ఎందుకు అన్నట్టే. ఆ పాట ఏ వేళ ఎవరు పాడాలో తెలిసిన గొంతు, ఆ పత్రాన్ని చదవగల పండితుడు, ఆ గుడిని తమదనుకునే ఊరు, వీటిని నిలబెట్టే ఖర్చు స్కానింగ్ ఖర్చు పక్కన ఎప్పుడూ కనిపించదు. భద్రపరిచే ఏ పథకాన్నయినా తూచేటప్పుడు ఎంత డేటా దాచారన్న లెక్కతోపాటు, రేపు దాన్ని అందుకుని 'ఇది మాదే, దీనికి మేం బాధ్యులం' అనేవాళ్లను ఎంతమందిని తయారు చేశారన్న లెక్క కూడా అడగాలి. రెండో లెక్క చూపలేని పథకం రూపాన్ని దాస్తుంది, తిరిగి నిలిపే శక్తి మాత్రం దానికి ఉండదు.