బాగాలేదని చెప్పే హక్కు

కంచం ముందు కూర్చుని "ఇది బాగాలేదు" అనే మాటకు నీతిశాస్త్రంలో స్థానం ఉన్నదా? తిండి రుచి గురించి మాట్లాడడం తీరికగలవాళ్ళ వ్యవహారమనీ, నీతి న్యాయాల విచారణలో దానికి తావు లేదనీ మనలో చాలామంది నమ్ముతారు. నేనూ నమ్మేవాణ్ణి. ఒక రాత్రి భోజనం ఆ నమ్మకాన్ని చెడగొట్టింది. కాబట్టి ముందు ఆ భోజనం సంగతి చెప్పక తప్పదు.

గత వేసవి సెలవుల్లో హైదరాబాదు వెళ్ళాను. నా దగ్గర డిగ్రీ చదివి, ఇప్పుడక్కడ కంప్యూటరు కంపెనీలో పనిచేస్తున్న శిష్యుడొకడు, "మాస్టారూ, ఇవాళ నా మాట కాదనకూడదు" అంటూ ఒక ఖరీదైన హోటలుకు తీసుకుపోయాడు. అది స్టేక్ వండే హోటలు. స్టేక్ అంటే మందంగా కోసిన మాంసపు ముక్కను పెద్ద సెగమీద కొద్ది నిమిషాలు కాల్చి, లోపల ఇంకా ఎర్రగా ఉండగానే దించి, కత్తీ ముళ్ళగరిటెలతో తినే పాశ్చాత్య వంటకం. దీపాలు మసకగా ఉన్నాయి. పదార్థాల పట్టీ నిఘంటువంత బరువుంది. ఒక్క ముక్క ధర పద్ధెనిమిది వందలు, పన్ను అదనం. కోతల కాలంలో మా అమ్మ మిరపచేలో అయిదారు రోజులు నడుము వంచితే వచ్చే కూలి అది. ఈ లెక్క వేయకుండా ఉండడం నాకు చేతకాదు.

వచ్చింది. పైన మాడింది, లోపల ఉడకలేదు. కత్తికి తెగలేదు, పంటికి నలగలేదు. ఉప్పు ముక్కలోకి దిగలేదు. ఆ లోపం కనబడకుండా నల్లటి చిక్కని రసమేదో మీద పోశారు. నేను మొహమాటపడి నములుతున్నాను. శిష్యుడు మాత్రం ఊరుకోలేదు, మేనేజరును పిలిపించాడు. మేనేజరు మాకు క్షమాపణ చెప్పి, వడ్డించిన కుర్రవాడి వైపు తిరిగి, మా ఎదుటనే వాణ్ణి నానా మాటలూ అన్నాడు. ఆ కుర్రవాడు మాంసం కొనలేదు, వండలేదు, ధర నిర్ణయించలేదు. చేతిలో ఖాళీ పళ్ళెం పట్టుకుని నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో.

ఈ కథ చెప్పినప్పుడు మా కళాశాలలో ఒక మిత్రుడు నన్ను మందలించాడు. "దేశంలో ఇంతమంది అర్ధాకలితో పడుకుంటుంటే, ముక్క మెత్తబడలేదని బాధపడతారా?" అన్నాడు. అతడు నిజాయితీపరుడు, ఉద్యమాల్లో పనిచేసినవాడు. అయినా ఆ వాదాన్ని నేను ఒప్పుకోలేను. పైకి అది అభ్యుదయ వాదంగానే కనిపిస్తుంది. లోపల ఉన్నది మాత్రం పాత భూస్వామ్య భావమే. పేదవాడికి తిండి అంటే కడుపు నింపుకోవడం, కలవాడికి తిండి అంటే రుచి అని రెండు తెగలుగా మనుషులను విడగొట్టడం తప్ప అందులో వేరే సారమేమీ లేదు. మార్క్స్ 1857లో రాసిన ఉపోద్ఘాతంలో ఇందుకు విరుద్ధమైన మాట చెప్పాడు. ఆకలి ఆకలే అయినా, వండిన మాంసాన్ని పరికరాలతో తిని తీర్చుకునే ఆకలీ, పచ్చిమాంసాన్ని గోళ్ళతో పళ్ళతో చీల్చి తీర్చుకునే ఆకలీ ఒకటి కావని ఆయన వాదన. ఉత్పత్తి మనిషికి వస్తువునే కాదు, ఆ వస్తువును అనుభవించే తీరునూ, దాని అవసరాన్నీ కూడా సృష్టిస్తుంది. అయితే రుచి మానవచరిత్రలో భాగమే. దాన్ని ఒక వర్గానికి ఇనాముగా రాసిచ్చే అధికారం ఎవరికీ లేదు.

మా పల్లెలో రుచి తెలియనివాళ్ళను నేను చూడలేదు. ఆదివారం పొద్దున్నే కొట్టు దగ్గర మా అమ్మ మాంసాన్ని బొటనవేలితో నొక్కి చూసేది. "ముదురు గొడ్డు. పొద్దుగూకినా ఉడకదు" అని పక్కకు జరిగేది, లేదా ధర తగ్గించి అడిగేది. 1757లో స్కాట్లండు తత్వవేత్త హ్యూమ్ అభిరుచికి ప్రమాణమేమిటని విచారిస్తూ సెర్వాంటిస్ నవలలోని ఒక ముచ్చట చెబుతాడు. పీపాలోని ద్రాక్షసారా రుచి చూసి ఒకడు తోలు వాసన అన్నాడు, ఇంకొకడు ఇనుప రుచి అన్నాడు. అందరూ నవ్వారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుతాడు కట్టిన ఇనుప తాళంచెవి దొరికింది. రుచి అంటే గాలిలో మాట కాదు, వస్తువులో ఉన్న గుణాన్ని పట్టుకునే జ్ఞానం అని తేలింది. హ్యూమ్ ఆ జ్ఞానం సాధన వల్ల వస్తుందన్నాడు. సాధనకు తీరికా ధనమూ కావాలని ఆయన కాలపు పెద్దమనుషులు అనుకొని ఉంటారు. మా అమ్మ బొటనవేలికి ఆ రెండూ లేవు, జ్ఞానం మాత్రం ఉన్నది.

హోటలు నుంచి వచ్చిన మర్నాడు ఆమెకు ఫోనులో ఈ సంగతి చెప్పాను. ధర విని నమ్మలేదు. తరువాత, "ఎంతసేపు ఉడకబెట్టారంట?" అని అడిగింది. పది నిమిషాలు కాల్చి ఉంటారన్నాను. "ఏ గొడ్డో చూడకుండా కాలిస్తే ఎట్టారా?" అన్నది.

నా అసంతృప్తికి కారణం పూర్తిగా ఆ ప్రశ్నలో ఉన్నది. స్టేక్ పుట్టిన దేశాల్లో కోతకోసమే మేపిన పశువును సాధారణంగా మూడేళ్ళు నిండకముందే కోస్తారు. లేత కండ కాబట్టి కొద్దిపాటి సెగ చాలు. మన సంగతి వేరు. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టం ఇప్పటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమలులో ఉన్నది. ఆవును కోయకూడదు. ఎద్దునైనా గేదెనైనా కోయాలంటే, అది ఇక పనికీ పాడికీ ఈతకూ లాభసాటి కాదని అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. అంటే న్యాయంగా కోతకు వచ్చేది బండిలాగి, అరక దున్ని, ఈనీ ఈనీ వయసు మళ్ళిన జీవమే. దాని కండలో పీచు ముదిరిపోయి ఉంటుంది. నీటిలో చాలాసేపు సన్నని సెగమీద ఉడికితే తప్ప ఆ పీచు కరగదు. పల్లె వంట ఈ వాస్తవం నుంచి పుట్టింది. కుండలో గంటల తరబడి ఉడకనివ్వడం, పచ్చి బొప్పాయి ముక్క వేయడం, పులుపు కోసం గోంగూర కలపడం, మిగిలినదాన్ని ఉప్పుపట్టించి ఎండకట్టి తునకలు చేసుకోవడం, ఇవన్నీ ముదురు మాంసానికి మనుషులు కనిపెట్టిన సమాధానాలు. ఆ హోటలు పరాయి దేశపు లేత పశువు రూపాన్ని తెచ్చి మన ముదురు పశువు సారం మీద రుద్దింది. రూపానికీ సారానికీ పొత్తు కుదరకపోతే ఏమవుతుందో సాహిత్య విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. యూరపులో యుద్ధాల మధ్య పుట్టిన కవితారీతులను ఆ యుద్ధాలు లేకుండా దిగుమతి చేసుకున్న మన పద్యాలు కొన్ని పంటికి అలాగే తగిలాయి.

ఇందులో ఇంకొక విడ్డూరం ఉన్నది. ప్రపంచంలో గొడ్డుమాంసం అందరికన్నా ఎక్కువగా ఎగుమతి చేసే దేశం బ్రెజిల్. ఆ దేశపు మందల్లో అత్యధిక భాగం నెలోర్ జాతి, దాని సంకరాలు. నెలోర్ అంటే మన నెల్లూరే, ఆ జాతి మన ఒంగోలు జాతే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుచేత ఓడలెక్కిన పశువుకు జిల్లా పేరు మిగిలింది. 1960ల ఆరంభంలో తీసుకుపోయిన ప్రసిద్ధమైన ఆబోతు పేరు కార్వాడీ. అది ఒంగోలు పక్కనున్న కరవది పేరు. పోర్చుగీసులు అమెరికా ఖండపు మిరపను మనకు తెచ్చారు. పోర్చుగీసు మాట్లాడే దేశం మన గిత్తను పట్టుకుపోయింది. గుంటూరు మిరపకే పేరు పొందింది, బ్రెజిల్ మాంసానికి పేరు పొందింది. మధ్యలో ఒంగోలు రైతుకూ, ఆ గిత్తలను కాసిన పాలేరుకూ ఏమి దక్కిందని అడిగితే జవాబు చెప్పేవారుండరు. గోధుమ రుచి చూసి దాన్ని పండించింది రష్యా అర్ధబానిసో ఫ్రెంచి రైతో చెప్పలేమని మార్క్స్ 1859లో అన్నది ఇందుకే.

రుచి చెప్పకపోయినా పేరు చెబుతుంది. ఆ హోటలు పట్టీలో గొడ్డుమాంసం అన్న మాట ఎక్కడా లేదు. "టెండర్‌లాయిన్" అని ఉన్నది. మా ఇంట్లో దాని పేరు పెద్దకూర. ఆ పేరు నోట వచ్చినందుకు పట్నంలో అద్దె ఇల్లు దొరకనివాళ్ళు నాకు తెలుసు. మూడో తరగతిలో నా అన్నం గిన్నెకు ఎవరి గిన్నె తగలకుండా పంతులుగారు జాగ్రత్తపడడం నాకు ఇంకా గుర్తే. 2012 ఏప్రిల్‌లో అదే హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో, దళిత విద్యార్థులు బహిరంగంగా పెద్దకూర పండుగ జరుపుకొంటే దాడులు జరిగాయి. మసక దీపాల కింద మాత్రం ఎవరూ ఎవరినీ కొట్టరు. అదే కండ, ఇంగ్లీషు పేరు పెట్టుకొని, పద్ధెనిమిది వందల ధర కట్టుకొంటే మైల పోతుంది. చుట్టూ బల్లల దగ్గర కూర్చున్న యువకుల్లో కొందరి ఇళ్ళలో నేను మంచినీళ్ళు అడిగితే ఏ గ్లాసు ఇస్తారో నాకు తెలియదు. శిష్యుడు డబ్బిచ్చి నాకు కొనిపెట్టిన వస్తువు మాంసం కాదనీ, ఆ మైల లేకుండా మాంసం తినే ఒక గంట కాలమనీ అప్పుడు అర్థమైంది. నేను ఆశించి వెళ్ళింది కూడా అదేనేమో. అయితే నా నిరాశలో ఒక భాగం వంటవాడి తప్పు కాదు.

ఇక ఫిర్యాదు సంగతి. సొమ్ము చెల్లించినవాడు బాగాలేదనడం న్యాయమే. అందుకు 1986లో ఒక వినియోగదారుల చట్టం వచ్చింది, 2019లో దాని స్థానంలో మరొకటి వచ్చింది. కాని ఫిర్యాదుకు ఒక దిక్కు ఉంటుంది. ఆ హోటల్లో మా మాట మేనేజరు దాకా పోయి, అక్కడ నుంచి యజమాని వైపు ఎక్కకుండా, నీరు పల్లమెరిగినట్టు కుర్రవాడి మీదికి దిగింది. ఆ రాత్రి నా శిష్యుడు చేసిన పనిలో తప్పు అడగడంలో లేదు, దిక్కు చూడకపోవడంలో ఉన్నది. ఆ మాట వాడితో అన్నాను. "నేను ఇచ్చే డబ్బుకి నేను అడక్కూడదా మాస్టారూ?" అన్నాడు. అడగాలి. అడిగిన మాట ఎవరిమీద పడుతుందో చూడాల్సిన బాధ్యత కూడా అడిగినవాడిదే అన్నాను. వాడు ఒప్పుకోలేదు, మేము చాలాసేపు వాదించుకున్నాం.

బాగాలేదని చెప్పే హక్కు మన ప్రాంతంలో ఎవరికి ఎంత ఉన్నదో చూడండి. నకిలీ విత్తనంతో నష్టపోయిన రైతు కూడా వినియోగదారుడేనని, అతడు ఆ చట్టం కింద ఫిర్యాదు చేసుకోవచ్చునని, ఆంధ్ర రైతుల కేసులోనే సుప్రీంకోర్టు 2012లో తేల్చి చెప్పవలసి వచ్చింది. చట్టం వచ్చిన ఇరవై ఆరేళ్ళకు! అదైనా విత్తనం కొన్నందుకు వచ్చిన హక్కు. పంట అమ్మేటప్పుడు ఆ పాటి హక్కు కూడా లేదు. 2021-22లో నల్ల తామరపురుగు గుంటూరు, ప్రకాశం మిరపచేలను తినేసింది. 2023లో గుంటూరు యార్డులో క్వింటాలు 20,000 రూపాయలు దాటిన మిరప, 2025 ఆరంభానికి సగానికి పడిపోయి, చివరకు కేంద్రం 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. యార్డులో వ్యాపారి గుప్పెడు కాయలు తీసి, విరిచి, వాసన చూసి, "తాలు ఎక్కువ, తేమ ఉంది" అంటాడు. ఆ మాటతో ధర తగ్గుతుంది. ధర బాగాలేదని రైతు అంటే ఏమీ పెరగదు. ఆ కాయ కోసిన కూలి మనిషి అసలు ఆ మాటల మధ్యకు రాదు.

ఆ మాట అన్నందుకు ప్రాణాలు పోయిన చోటు కూడా ఇక్కడికి దగ్గరే. 1985 జులైలో, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, తాము తాగే చెరువు నీటి దగ్గర గేదెను కడిగి నీళ్ళు పాడుచేయవద్దని మాదిగలు అడిగారు. అడ్డుపడి బిందె ఎత్తింది ఒక స్త్రీ. మర్నాడు, జులై 17న, పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు హతులయ్యారు. స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. వాళ్ళు భూమి అడగలేదు, కూలి పెంచమనలేదు. తాగే నీళ్ళు బాగాలేవన్నారు. ఆ తరువాత చీరాల శిబిరాల్లోకి చేరినవాళ్ళ నుంచి ఒక మహోద్యమం పుట్టింది. నా మిత్రుడు చిన్న విషయమని తోసిపుచ్చిన మాటకు అక్కడ చెల్లించిన మూల్యం అది. ఆ మాట చిన్నదైతే దాన్ని వినలేనివాళ్ళు కత్తులూ గొడ్డళ్ళూ ఎందుకు పట్టుకొచ్చారు?

హోటలు విషయం ఇంకొంచెం ఉన్నది. బయటకు వచ్చేటప్పుడు ఆ కుర్రవాడు మాకు తలుపు తీశాడు. "నువ్వెప్పుడైనా దాన్ని తిన్నావా బాబూ?" అని అడిగాను. "మాకు పెట్టరు సార్. మాకు అన్నం, పప్పు, పచ్చడి" అన్నాడు. ఏ ఊరని అడిగితే వినుకొండ దగ్గరన్నాడు. పప్పు ఎట్లా ఉంటుందన్నాను. వాడు వెనక్కి తిరిగి మేనేజరు ఎక్కడున్నాడో చూసుకొని, "బాగుండదు సార్" అన్నాడు.

నా శిష్యుడు వారం తరువాత హోటలు యజమానికి ఉత్తరం రాశాడు. మాంసం గురించి రెండు వాక్యాలు, ఆ కుర్రవాణ్ణి తిట్టిన సంగతి గురించి ఒక పేజీ. మా ఫిర్యాదు కారణంగా వాడి జీతంలో కోత పెట్టారో లేదో తెలియజేయమని అడిగాడు. ప్రతి ఒకటి నాకు పంపాడు. మూడు నెలలైంది, జవాబు రాలేదు. రెండో ఉత్తరం రాస్తున్నానంటున్నాడు.