పేరుతో పనేముంది?

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు బయటపడింది. చికిత్స జరిగింది మన సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలోనే. ఇక ఊళ్లో ఒకటే ఆరా: ఎవరతను, ఏ వీధి?

రోగి ఎక్కడ తిరిగాడో, ఎవరిని కలిశాడో ఆరోగ్య సిబ్బందికి తెలియాలి. తెలియకపోతే అంటు ఆగదు. మరి ఇరుగుపొరుగుకు అతని పేరుతో పనేమిటి? పేరు పొక్కుతుందన్న భయముంటే జ్వరమొచ్చినవాడు పరీక్షకే రాడు, ఇంట్లో దాక్కుంటాడు. జబ్బు మాత్రం దాక్కోదు. అందుకే గోప్యత రోగి మీద దయ మాత్రమే కాదు, కట్టడిలో భాగం కూడా.

రోగికి గోప్యత ఎంత అవసరమో, వైద్యం చేసేవాళ్లకు రక్షణా అంతే అవసరం. అదే ఏడు జూన్‌లో, తోటి డాక్టరు మీద దాడి జరిగిందని గాంధీ జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. దాడిచేసి తీవ్రంగా గాయపరిస్తే 7 ఏళ్ల దాకా జైలని కేంద్రం ఏప్రిల్‌లోనే ఆర్డినెన్స్ తెచ్చింది. అయినా దాడి జరిగింది. డ్యూటీకి రమ్మనేవాళ్లు ముందు మాస్కు, కిట్టు, కాపలా ఇవ్వాలి కదా!