పరదేశి ఎవరు?



టికిరి, కాశీపురము, రాయగడ ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగువారి నోట ఒక మాట తరచుగా వినబడుచుండును. ఎవరైనా "మీరు ఆంధ్రావాళ్లు, ఇక్కడివారు కారు" అనగానే "మేము భారతీయులము, ఈ దేశములో ఎక్కడైనా ఉండే హక్కు మాకున్నది" అని జవాబిస్తాము. ఆ జవాబు సత్యమే. రాజ్యాంగములోని 19వ అధికరణము ఆ హక్కును స్పష్టముగా ఇచ్చినది. అయితే సత్యమైన మాటను కూడా మనము దేనికి అడ్డుపెట్టుకొంటున్నామో విశ్వాసులు ఆలోచించాలి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడేవరకు రాయగడ వైపు కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీలో, జయపురం జమీందారీ క్రింద ఉండేవి. ఆ రోజున ఇక్కడ ఎవరి ఇల్లూ కదలలేదు, గీత కదిలినది. రాత్రి మద్రాసువాడుగా పడుకొన్నవాడు తెల్లవారి ఒరిస్సావాడుగా లేచాడు. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, ఇంకొక గీత పడినది. బర్మాను భారతదేశమునుండి వేరుచేశారు. మొదటి గీతవలన మనకు కలిగిన ఇబ్బంది స్వల్పము. రెండవ గీతకు అవతల ఉండిపోయిన తెలుగువారి గతి వేరు. వారి కథ మన పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెము వివరముగా వ్రాయుచున్నాను.

కాకినాడ దగ్గరి కోరంగి రేవునుండి ఓడలెక్కి వెళ్లినందున బర్మాలో మనవారికి "కోరంగీలు" అని పేరు వచ్చినది. రానురాను అది ఎగతాళి మాట అయినది. రంగూను రేవులో బస్తాలు మోసినవారు, బియ్యపు మిల్లులలో పనిచేసినవారు చాలవరకు తెలుగువారే. 1931 జనాభా లెక్కలలో ఆ పట్టణవాసులలో సగానికి పైగా భారతీయులు. మన తెలుగు బాప్తిస్టు విశ్వాసులును వారిలో ఉండిరి. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. యజమానులు బర్మావారిని పనిలో పెట్టుకొన్నారు. సమ్మె తీరగానే వారిని పొమ్మన్నారు. వారి కోపము యజమానులమీదికి పోలేదు, తమవంటి బీదలైన కూలీలమీద పడినది. వందమందికి పైగా చనిపోయారు.

తరువాత యుద్ధము వచ్చినది. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుమీద బాంబులు వేశారు. 1942లో నాలుగైదు లక్షలమంది భారతీయులు అరకాను దారిని, మణిపురము దారిని పట్టి బయలుదేరారు. కలరా, మలేరియా, ఆకలి వారిలో వేలమందిని దారిలోనే తీసికొనిపోయినవి. బ్రతికినవారిలో కొందరు యుద్ధము ముగిసిన పిమ్మట మళ్లీ రంగూనుకే వెళ్లారు. అక్కడ పుట్టినవానికి అదే ఊరు గదా.

1948 జనవరి 4న బర్మా స్వతంత్ర గణతంత్ర దేశమైనది. ఆ పసిదేశమునకు ఊపిరి పీల్చుకొనే వ్యవధి దొరకలేదు. మరుసటి ఏడాదినుండి కరెన్లతో అంతర్యుద్ధము. ఆ కరెన్లలో చాలమంది మనవలెనే బాప్తిస్టులు. ఎప్పుడూ యుద్ధములో ఉండే దేశము "మనవాడెవడు?" అనే ప్రశ్నను ఎప్పుడూ అడుగుచుండును. అడిగిన ప్రతిసారి "మనవారు" కొంచెము తగ్గిపోవుదురు. 1962 మార్చి 2న సైన్యాధిపతి నే విన్ అధికారము చేపట్టెను. 1964లో దుకాణములను ప్రభుత్వపరము చేశారు. ఆ దశాబ్దములో సుమారు మూడు లక్షల భారతీయులు తమ ఆస్తి అక్కడనే వదలి తిరిగి వచ్చారు. విశాఖపట్నములోని బర్మా క్యాంపు పేరు ఆ కాలమును నేటికిని గుర్తుచేయుచున్నది. 1982 పౌరసత్వ చట్టము 1823కు పూర్వమునుండి అక్కడ ఉన్న జాతులకే పూర్తి పౌరసత్వము అన్నది.

ఇది చదివి బర్మావారిని నిందించుట సులభము. నేను అంత తొందరపడను. వారి కోపమునకు వేరు భూమిలో ఉన్నది. 1930ల మాంద్యములో ధరలు పడిపోయి, అప్పు తీర్చలేని బర్మా రైతుల పొలములు వడ్డీవ్యాపారులైన చెట్టియార్లకు పోయినవి. ఆ దశాబ్దము ముగియకముందే దిగువ బర్మా సాగుభూమిలో సుమారు నాలుగవవంతు వారి చేతికి వచ్చినది. వారు చట్టప్రకారమే తీసికొన్నారు. దాని ఫలితమును అనుభవించినది మాత్రము చెట్టియార్లు ఒక్కరే కారు. సెంటు భూమి ఎరుగని తెలుగు కూలివాడు కూడా ఆ లెక్కలోనే పరదేశి అయ్యాడు.

మన గణతంత్రము ఆ దారిని పోలేదని గర్వముగా చెప్పుకొంటాము. చాలవరకు పోలేదు. కాని 1962లో చైనా యుద్ధము వచ్చినప్పుడు ఈ దేశములో పుట్టి పెరిగిన చైనా సంతతివారిని సుమారు మూడువేలమందిని రాజస్థానులోని దేవళీ శిబిరమునకు తరలించి నిర్బంధించారు. వారు చేసిన నేరము వారి ముఖమే. మన గణతంత్రమునకు అప్పటికి పన్నెండేళ్లు. జాతీయభావము ఆ నెలలలో ఊరూర పెరిగినది నిజమే, ఆ శిబిరమును నిజమే.

మన కోరాపుట్ కొండలు యుద్ధమునకు ఎంత దూరమనుకొన్నా దేశము ఇక్కడికే వచ్చినది. తూర్పు బెంగాలునుండి ఇల్లు విడిచి వచ్చినవారిని 1958లో మొదలైన దండకారణ్య పథకము క్రింద ఉమర్‌కోట్, మల్కనగిరి వైపు స్థిరపరచారు. 1960లలో సునాబేడలో మిగ్ యుద్ధవిమానముల ఇంజనులు చేసే కర్మాగారము లేచినది. కాందిశీకులకు చోటు ఇచ్చినదీ, యుద్ధవిమానమునకు చోటు ఇచ్చినదీ ఆదివాసి బ్రతికే కొండలే. అతడు ఏ సరిహద్దునూ దాటలేదు, ఎవరిమీదికీ యుద్ధమునకు పోలేదు. దేశము పెరిగినకొద్దీ అతని చోటు తగ్గినది.

ఇప్పుడు 19వ అధికరణమునకు తిరిగి వస్తాను. మనము నోటికి తెచ్చుకొనే హక్కు దాని మొదటి ఖండములో ఉన్నది. అదే అధికరణము అయిదవ ఖండములో, షెడ్యూల్డు తెగల ప్రయోజనమునకై ఆ హక్కుమీద సమంజసమైన పరిమితులు పెట్టవచ్చునని ఉన్నది. రెండూ ఒకే దినమున అమలుకు వచ్చినవి. మనము ఒకదానినే కంఠస్థము చేసితిమి. ఈ పరిమితి కొత్తదియు కాదు. మైదానమునుండి వచ్చిన వర్తకుల వడ్డీకి కొండవారి భూములు పోవుచున్నవని మద్రాసు ప్రభుత్వము 1917లోనే ఏజెన్సీకి ప్రత్యేక చట్టము చేసెను. ఆ వర్తకులలో తెలుగువారెందరో నేను చెప్పనక్కరలేదు. 1956లో ఒరిస్సా ప్రభుత్వము రెండవ నిబంధనము తెచ్చినది. 2002 సవరణ తరువాత ఆదివాసి భూమి ఆదివాసేతరునికి బదిలీ కానే కాదు.

అయినను ఆదివాసి పేర కాగితము, మనవాని చేతిలో పంట, ఇట్టి ఏర్పాట్లు ఉండునని ఈ ప్రాంతములో తెలియనివారు లేరు. "డబ్బు ఇచ్చాము, నలువదేళ్లుగా దున్నుచున్నాము, మా పిల్లలకు వేరే ఊరు లేదు" అని వారు చెప్పుదురు. చివరి మాటను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకొంటాను. రంగూనులో పుట్టినవానిమాట వలెనే అదియు నిజము. ఉండుట వేరు, కొండపొలము పట్టుకొనుట వేరు. అహాబు కూడా నాబోతుకు సరిపడు వెల ఇస్తానని మొదట మర్యాదగానే అడిగెను. జక్కయ్యను ప్రభువు యెరికో విడిచి పొమ్మనలేదు. అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇత్తునని అతడే చెప్పెను.

కాబట్టి అసోసియేషను పెద్దల యెదుట ఒక సంగతి పెట్టుచున్నాను. అట్టి భూమిమీద పండిన పంటనుండి దశమభాగము తెచ్చినయెడల సంఘము పుచ్చుకొనవచ్చునా? పుచ్చుకొనరాదని నా అభిప్రాయము. పుచ్చుకొన్న దినముననే ఆ పొలములో సంఘమునకు పాలు కలుగును. దీనివలన కొన్ని సంఘములకు పాదిరిగారి జీతము కష్టమగునని నేనెరుగుదును. ఆ లోటును మిగిలిన సంఘములు పంచుకొనగలవా అనునది వచ్చే కూటములో మాటలాడవలెనని కోరుచున్నాను.