ఒప్పుకున్న మాట, పెరిగిన ధర

విశ్వాసులు తమ ఒప్పందాలను నెరవేర్చాలన్న ఆదేశంతోనే దివ్యఖుర్‌ఆన్‌లోని మాయిదా సూరా ప్రారంభమవుతుంది. చేసిన ప్రమాణాన్ని గురించి ప్రళయదినాన విచారణ తప్పదని బనీ ఇస్రాయీల్ సూరా 34వ ఆయత్‌లో అల్లాహ్ హెచ్చరించాడు. ఈ ఆయత్‌లను మనం ఎన్నోసార్లు చదువుతాం, వింటాం. కాని నమాజు ముగించి మసీదు గడప దాటాక, బేరం దగ్గర కూర్చున్నప్పుడు అవి మనకు గుర్తుంటాయా?

కొంతకాలం క్రితం కడియంలో అసర్ నమాజు తర్వాత ఒక సోదరుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ చుట్టుపక్కల చాలామందిలాగే అతనిదీ మొక్కల వ్యాపారం. "మౌల్వీసాబ్, ఒక మస్‌అలా అడగాలి" అంటూ విషయం చెప్పాడు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన నర్సరీ అంతా తిరిగి, నచ్చిన మొక్కలను ఏరి, లెక్కపెట్టించి, ధర ఖాయం చేసుకుని అడ్వాన్సు ఇచ్చి వెళ్ళాడు. పదిహేను రోజుల్లో లారీ పంపుతానన్నాడు. ఈలోగా మరొకాయన వచ్చి, అవే మొక్కలకు ఒక్కోదానికి నలభై రూపాయలు ఎక్కువ ఇస్తానన్నాడు.

"వానలకు మొక్కలు పోయాయని చెప్పి మొదటాయన అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తాను. ఒక్క పైసా కూడా ఉంచుకోను. ఇందులో గునాహ్ ఏముంది? పైగా ఆయన మనవాడు కూడా కాదు" అన్నాడు.

ఆ సోదరుడు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే అడగకుండానే అమ్ముకునేవాడు. కాని అతని ప్రశ్నలో మన సమాజంలో చాలామందికి ఉన్న అపోహ ఉంది. డబ్బు తిరిగి ఇచ్చేస్తే మాట కూడా తీరిపోయినట్లేనని మనం అనుకుంటున్నాం.

మొక్కలు ఎవరివి?

ముందుగా తేల్చుకోవలసింది ఇది. కొనేవాడు ఎదురుగా ఉన్న సరుకును చూసి ఎంచుకున్నాడు. ధర కుదిరింది. ఒకరు ఇస్తానన్నారు, మరొకరు తీసుకుంటానన్నారు. ఈజాబ్, ఖుబూల్ రెండూ పూర్తయ్యాయి. ఫిఖహ్ ప్రకారం ఆ క్షణాన్నే సరుకు కొన్నవాని సొంతమవుతుంది. మొక్కలు ఇంకా నీ నర్సరీలో, నీ నీళ్ళతోనే పెరుగుతుండవచ్చు. అయినా అవి ఇప్పుడు నీవి కావు. వాటిని రెండో మనిషికి అమ్మడమంటే పరాయి సొత్తు అమ్ముకోవడమే. పొరుగువాని మేకను సంతలో అమ్మి, "నేను కొన్నప్పటి డబ్బు అతనికి ఇచ్చేశాను కదా" అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

ఇక ఆ సోదరుడు చెప్పాలనుకున్న మాటను చూడండి. మునాఫిక్‌కు ఉండే గుర్తులను మహాప్రవక్త (స) మూడుగా తెలిపారు. మాట్లాడితే అబద్ధమాడతాడు, వాగ్దానం చేస్తే తప్పుతాడు, నమ్మి అప్పగిస్తే ద్రోహం చేస్తాడు. "మొక్కలు పోయాయండీ" అనే ఒక్క ఫోను మాటలో ఈ మూడూ ఇమిడి ఉన్నాయి. నలభై రూపాయల కోసం ఇంత మూట నెత్తిన పెట్టుకుంటామా?

నిజంగా చేతకానప్పుడు

మొక్కలు నిజంగానే పోయి ఉంటే అది వేరే సంగతి. గోదావరి ఒడ్డున బతికేవారికి విపత్తంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. 1986 ఆగస్టులో వచ్చిన వరదను పెద్దలు ఇప్పటికీ తలచుకుంటారు. 2022 జూలైలోనూ లంక భూములు నీట మునిగాయి. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్ అమలైనప్పుడు లారీలు నిలిచిపోయి, మొక్కలు నర్సరీల్లోనే ఉండిపోయాయి.

ఇలాంటి సందర్భాల్లో షరీఅత్ మనిషి శక్తికి మించిన భారం మోపదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం అమ్మిన సరుకు కొన్నవానికి అప్పగించకముందే నశిస్తే ఆ బేరం రద్దవుతుంది. అమ్మినవాడు తీసుకున్న సొమ్మంతా తిరిగి ఇవ్వాలి. కొన్నవాడు మిగతా ధర చెల్లించనక్కర్లేదు.

ఇంకా పెంచవలసిన మొక్కలకు ముందే డబ్బు తీసుకుంటే అది సలమ్ ఒప్పందం. మహాప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు అక్కడి ప్రజలు ఒకటి రెండు సంవత్సరాల ముందుగానే పండ్లకు డబ్బు ఇస్తుండేవారు. ఆయన దాన్ని నిషేధించలేదు. కొలత, తూకం, గడువు స్పష్టంగా ఉండాలని మాత్రం ఆదేశించారు. కనుక మొక్క రకం, వయసు, ఎత్తు, సంఖ్య, అప్పగించే తేదీ రాసుకోవాలి. సలమ్‌లో ధర మొత్తం ముందే చెల్లించాలి. కొంత అడ్వాన్సు మాత్రమే ఇస్తే అది సలమ్‌గా పూర్తికాదు. అయినా అది ఇచ్చిన మాటే, నిలబెట్టుకోవలసిందే.

మన ఉలమా ఇక్కడ ఒక సూక్ష్మం గమనించారు. ఫలానా తోటలో ఫలానా చెట్టు కాయలకే సలమ్ చేయకూడదన్నారు. ఎందుకంటే ఆ చెట్టుకు విపత్తు వస్తే ఇచ్చినమాట నిలబడే దారే ఉండదు. సరుకు ఇంకెక్కడైనా దొరికేదై ఉండాలి. అంటే తన నర్సరీలో మొక్కలు పోయినా, పక్క ఊళ్ళో కొనైనా ఇవ్వాలి. ఎక్కడా దొరకకపోతే కొన్నవానికి రెండు దారులున్నాయి: దొరికేదాకా ఆగడం, లేదా తానిచ్చిన సొమ్ము తిరిగి తీసుకోవడం. ఆలస్యమైనందుకు అదనంగా జరిమానా వసూలు చేయకూడదు, అది వడ్డీ అవుతుంది. 2000లో రియాద్‌లో జరిగిన అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ సమావేశం కూడా సలమ్ సరుకు విషయంలో ఇదే తీర్మానించింది.

ధర పెరగడం విపత్తు కాదు

మన దేశ చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 37వ సెక్షన్ ప్రకారం ఇరుపక్షాలూ ఒప్పందాన్ని నెరవేర్చాలి. పని అసాధ్యమైపోతే 56వ సెక్షన్ ప్రకారం ఒప్పందం చెల్లకుండా పోతుంది. అలా చెల్లకుండా పోయినప్పుడు పొందిన లాభాన్ని తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ చెబుతుంది. కావాలని తప్పినవాడు మాత్రం ఎదుటివారి నష్టాన్ని 73వ సెక్షన్ ప్రకారం భరించాలి.

మరి ధర పెరిగితే? ప్రభుత్వానికి సైన్యం కోసం నెయ్యి సేకరించి ఇవ్వడానికి 1937లో ఒప్పుకున్న ఒక సంస్థ, యుద్ధంవల్ల పరిస్థితులు మారాయి కాబట్టి ఎక్కువ రేటు కావాలని వాదించింది. సుప్రీంకోర్టు 1960లో ఆ వాదనను తోసిపుచ్చింది. నెరవేర్చడం భారమైనంత మాత్రాన ఒప్పందం రద్దుకాదని తేల్చింది. చేయలేకపోవడం వేరు, చేయడం ఇష్టం లేకపోవడం వేరు. కోర్టులో ఈ తేడాను సాక్షులతో తేలుస్తారు. కాని ఫోనులో చెప్పే అబద్ధానికి సాక్షి ఎవరు? అల్లాహ్ ఒక్కడే.

"మనవాడు కాదు" అనే మాటకు కూడా జవాబు చెప్పుకోవాలి. హజ్రత్ హుజైఫా (రజి), ఆయన తండ్రి మదీనాకు వస్తుంటే ఖురైషీయులు పట్టుకున్నారు. ముహమ్మద్ (స) పక్షాన యుద్ధం చేయబోమని మాట తీసుకుని వదిలారు. అది బద్ర్ యుద్ధ సమయం. ముస్లిములు మూడువందల పైచిలుకు మాత్రమే. ఒక్కొక్క మనిషీ అవసరమైన వేళ. అయినా మహాప్రవక్త (స) వారిద్దరినీ యుద్ధానికి రానివ్వలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోమన్నారు, సహాయం అల్లాహ్‌నే అడుగుదామన్నారు. యుద్ధానికి దిగిన శత్రువుకు ఇచ్చిన మాటకే అంత విలువ ఉంటే, మనల్ని నమ్మి అడ్వాన్సు ఇచ్చి వెళ్ళిన మనిషికి ఇచ్చిన మాట సంగతేమిటి?

హక్కు ఉన్నవాడు ఏం చేయాలి?

బాధ్యత ఒకవైపే లేదు. బాకీపడినవాడు ఇబ్బందుల్లో ఉంటే వెసులుబాటు కలిగేవరకు గడువివ్వాలని, మాఫీ చేస్తే మరింత మేలని బఖరా సూరా 280వ ఆయత్ బోధిస్తుంది. కుదిరిన బేరం గురించి ఎదుటివాడు పశ్చాత్తాపపడుతూ వచ్చి వదిలేయమంటే, ఇష్టపూర్వకంగా వదిలేయడాన్ని ఇఖాలా అంటారు. అలా వదిలేసిన వాని పొరపాట్లను అల్లాహ్ ప్రళయదినాన క్షమిస్తాడని మహాప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. చట్టంలో కూడా 62, 63 సెక్షన్లు పరస్పర అంగీకారంతో ఒప్పందాన్ని మార్చుకోవడానికి, రద్దు చేసుకోవడానికి, గడువు పెంచడానికి, మాఫీ చేయడానికి వీలు కల్పించాయి.

కాబట్టి ఆ సోదరునికి ఒక దారి ఉంది. ఫోను చేసి నిజం చెప్పవచ్చు: "నాకు ఇంకొకరు ఎక్కువ ఇస్తామంటున్నారు. మీకు అభ్యంతరం లేకపోతే బేరం వదులుకుంటారా?" ఆయన సరేనంటే ఇద్దరికీ హలాల్. వద్దంటే మొక్కలు ఆయనవే. అడగడానికి మొహమాటంగా ఉందంటే, ఆ పని చేయకూడదని మనసు ముందే చెప్పిందన్నమాట.

ఇదంతా విని అతను ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోయాడు. నెల తర్వాత జుమా రోజున కలిశాడు. "అడగడానికి నోరు రాలేదు, మౌల్వీసాబ్. లోడు పంపేశాను. సంతోషంగా పంపానని మాత్రం అబద్ధం చెప్పలేను" అన్నాడు. సంతోషంగా ఇవ్వాలని షరతేమీ లేదు సోదరా, ఇవ్వడమే ఫర్జ్ అని చెప్పాను. మనసుకు కష్టంగా ఉన్నా ఇచ్చినందుకు అల్లాహ్ దగ్గర ప్రతిఫలం ఇంకా ఎక్కువే ఉంటుందని ఆశిద్దాం.

మాట ఇచ్చేముందు ఆలోచించే వివేకాన్ని, ఇచ్చాక నిలబెట్టుకునే ధైర్యాన్ని, చేతకానివారికి గడువిచ్చే పెద్దమనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.